జాజు పక్కన సున్నం

గట్ల గాదు బిడ్డా విమలా, మీ తాత మాట ఇను, అది కొట్టెయ్యి. ‘నేను’ అని రాయకు. రాజలింగు అని నా పేరు పెట్టి రాయి, ఎవలో పక్కూరాయన సంగతి చెప్పినట్టు. గట్లయితేనే నాకు నోరు తిరుగుతది. నేను మెల్లగ చెప్త, నువ్వు గూడ మెల్లగ రాయి. మనకేం తొందరున్నది.

జర్మనోళ్ల లడాయి నడుస్తున్న దినాలు. ఏ యేడో నాకు ఎరికలేదు గని, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికొచ్చే మోటరుకు పెట్రోలు దొరక్క, వెనుక బొగ్గుపొయ్యి కట్టి నడిపిన యేడది. ఉగాది ఇంక వారం ఉన్నది. ఇప్పపువ్వు రాలుడు షురువైంది.

గప్పుడు ఊర్లెకు సైకిలేసుకొని ఒకాయన వచ్చిండు. లింబాద్రి అని పేరు. కామారెడ్డిల బొగ్గు గుత్తపట్టిన సేటు కాడ గుమాస్త. నెత్తిమీద నల్ల టోపి, కాళ్లకు బూట్లు, భుజానికి గుడ్డసంచి. చావడికాడ దిగి, “గీ అడివి మంచిగ ఎరికున్నోడు ఎవలన్న ఉన్నరా?” అని అడిగిండు.

రాజలింగు అరుగుమీద కూసొని పగ్గం పేనుతున్నడు. ఇరువైరెండేండ్లుంటయి. ముందట మూరెడు పేనిన పగ్గం అట్లనే ఇడిసిపెట్టి లేసిండు.

“నాకు ఎరికె అయ్య. ఏ చెట్టు యాడున్నదో కండ్లు మూసుకొని చెప్త.”

“కండ్లు తెరిసే చెప్పు తమ్మి, నేను చూడాలె గద” అన్నడు లింబాద్రి. చావడికాడోళ్లు నవ్విండ్రు. రాజలింగు గూడ నవ్విండు. సైకిలు తనే పట్టుకొని నడిపిచ్చుకుంట ముందట పడ్డడు.

ఊరు దాటంగనే చెలుకలు. జొన్న కోసి నెల దాటింది, కొయ్యకాళ్లు ఎండకు తెల్లగ మెరుస్తున్నయి. బండ్లబాట పొంటి ఒర్రె వస్తది. ఒర్రెల నీళ్లు లేవు, ఒట్టి ఇసుక. రాజలింగు సైకిలు గడ్డకు ఆనిచ్చి, ఇసుకల మోకాళ్లమీద కూసొని రెండు చేతులతోని చెలిమె తోడిండు. మూరెడు లోతు పోంగనే తడి దాకింది. మొదలు ఊరిన బురదనీళ్లు దోసిట్లతోని ఎత్తిపోసిండు. రెండోసారి ఊరినయి గూడ ఎత్తిపోసిండు. మూడోసారి అద్దమసొంటి నీళ్లొచ్చినయి.

“తాగు అయ్య. కుండల నీళ్లు గూడ ఇంత సల్లగుండయి.”

లింబాద్రి వంగి తాగిండు. మూతి తుడుసుకొని, “నీయంత తెలివిగల్లోడు ఎల్లారెడ్డిల గూడ లేడు పో” అన్నడు. బిడ్డా, గా ఒక్క మాటకు రాజలింగు రెండు జానలు పెరిగిండు.

అడివి మొదట్ల మైసమ్మ రాయి ఉన్నది. రాయికి ఎర్రమట్టి జాజు పూసి, జాజు మీద సున్నపుబొట్లు పెట్టి ఉంటయి. పక్కనే ఒక మద్దిచెట్టు. దానికి గూడ నడుమెత్తుల జాజుపట్టి, పట్టికి పైన మూడు కింద మూడు తెల్లబొట్లు. ఏ ఊరోడైనా సరే, జాజు పక్కన సున్నం కనబడ్డకాడ చెప్పులిడుస్తడు. గక్కడ ఎండుపుల్ల గూడ విరువడు. రాజలింగు చెప్పులిడిసి చుట్టు తిరిగి పోయిండు. లింబాద్రి బూట్లయితే ఇప్పలే గని, టోపి తీసి కండ్లకు అద్దుకున్నడు.

అటెన్క అడివి. ఎండకాలం అడివి నువ్వు చూడలే బిడ్డా. టేకుచెట్లకు ఆకుండదు, మోదుగు చెట్టుకు ఆకుండదు, ఒట్టి పువ్వే. దూరం నుంచి చూస్తె పొయ్యిల నిప్పుకలు పోసినట్టుంటది. తునికికి అప్పుడప్పుడే ఎర్రచిగురు. కాలి కింద టేకాకు పెళపెళ విరుగుడు తప్ప ఇంకో సప్పుడు లేదు. మనం నిలవడితే అది గూడ ఉండదు. గప్పుడు మన ఊపిరి మనకినవడ్తది.

రాజలింగు అన్ని చూపెట్టిండు. మొర్రిచెట్టు కాయ చూపెట్టిండు. ఇప్పపువ్వు కోసం చెట్టెక్కిన గుడ్డెలుగు గోర్ల గీతలు చూపెట్టి, వాట్ల నాలుగు వేళ్లు ఆనిచ్చి ఎంత పెద్ద పంజనో లెక్కగట్టి చెప్పిండు. నెమలి నిన్న మాపు యాడ పండుకున్నదో కింద రెట్టను బట్టి చెప్పిండు. లింబాద్రి “ఓహో” అంటుండు, “గట్లనా” అంటుండు. అన్నకొద్ది రాజలింగు ఇంకింత లోపలికి తీస్కపోయిండు.

ఆఖరుకు ఊటకాడికి తీస్కపోయిండు.

రెండు బండల నడుమల నీళ్లు. ఎండకాలంల గూడ చిటికెనేలంత దార ఆగదు. దాని పక్కన రెండు ఇప్పచెట్లు. ముగ్గురు మనుషులు చేతులు కలిపితె గని చుట్టిరావు. కింద నేలంతా ఊడ్సి అలికినట్టు శుభ్రం, దానిమీద పొద్దటి నుంచి రాలిన పువ్వు ఒకటీ అర.

“గిది ఎవలు ఊడ్సిండ్రు?” అన్నడు లింబాద్రి.

“మా అక్క భూదవ్వ. గీ రెండు చెట్లు మా అక్కయి.”

“చెట్టుమీద పేరుందా తమ్మి?”

“పేరెందుకయ్య? మా ఊర్ల ప్రతి ఇంటికి చెట్టుంటది. ఒకలి చెట్టుకింద ఇంకొకలు పువ్వేరరు. మా బావ పోయినంక అక్క ఊరికి తిరిగొస్తే, పెద్దమనుషులు కూసొని గీ రెండు నీయి అన్నరు. గీ పువ్వు ఎండబెట్టి ఏడాదంత బతుకుతది. ఒకలింట్ల చెయ్యి చాపదు.”

లింబాద్రి సంచిల నుంచి తాడు తీసిండు. చెట్టు చుట్టు తిప్పి, కలిసినకాడ ముడేసిండు. రెండో చెట్టుకు గూడ ఇంకో తాడు చుట్టి ముడేసిండు. వేలితోని బెరడు మీద కొట్టి చెవి పెట్టి ఇన్నడు.

“బొగ్గుకు ఇప్పకట్టెను మించింది లేదు” అన్నడు.

రాజలింగు తాడుముడి దిక్కు చూసిండు. “గివి గూడ కొడ్తరా అయ్య?”

“గుట్టకు రెండు దిక్కుల మా సేటు పేర కాయితం ఉన్నది. మేం గుట్ట అవుతలి పొదలే అనుకున్నం. ఇవుతల ఇంత మంచి కట్టె ఉన్నదని మాకెవలు చెప్పలే. నువ్వే గద సూపెట్టినవు” అని వాని భుజం తట్టిండు. తిట్టలే బిడ్డా, మెచ్చుకున్నడు.

తిరిగొచ్చేటప్పుడు గుమాస్త దారెంట లావుచెట్లకు గూడ తాడుముడులేసిండు. మాపు ఇంట్ల అక్క జొన్నగటుక పెట్టి, మీద ఉడకబెట్టిన ఇప్పపువ్వు ఏసి ముందట పెట్టింది. “ఎవలో గుమాస్త వచ్చిండంట గద, ఎందుకంట?” అన్నది.

“ఏమో అక్క” అన్నడు రాజలింగు. గటుక సగం తిని లేసిండు.

తెల్లారి ఇంక చీకటి విడువకముందే అక్క లేపింది. రెండు గంపలు, తంగేడు పొరక, సద్దిమూట. ఇప్పపువ్వు తెల్లారగట్లనే రాలుతది. పొద్దెక్కితె జీవాలు తింటయి, లేకుంటె ఎండకు నల్లవడ్తది. అక్క ముందట, తమ్ముడు వెనుక. దారిల అక్క మాట్లాడుతనే ఉన్నది, ఎవలింట్ల బర్రె ఈనింది, ఎవల కోడలు అలిగి పోయింది. రాజలింగు ఊఁ కొడుతుండు.

ఊటకాడికి పోయెవరకు పువ్వు టప్పు టప్పు అని రాలుతున్నది. తెల్లగ, మెత్తగ, నీళ్లు నింపినట్టు. అక్క వంగి రెండు చేతులతోని ఏరుతది. కుడిచేత ఏరిన పువ్వు ఎడమచేతిలెకు పోదు, రెండు చేతులు దేనికది నింపుకొని ఒక్కసారే గంపలేస్తయి. పువ్వు ఒక్కటి గూడ నలగదు. రాజలింగు చేతులు ఆ పొద్దు సక్కగ ఆడలే. మూడు ఏరితే ఒకటి చితికింది.

“నిద్ర తేరలేదా?” అన్నది అక్క.

గప్పుడే కిందినుంచి పోచయ్య వచ్చిండు. ముసలాయన. పండుగకు ఊరిండ్లకు జాజు, సున్నం పెట్టేది గాయనే. ఇంటి కడపకు గాయన పెట్టిన పట్టి తాడు పట్టి గీసినట్టుంటది. రెండు చేతులల్ల రెండు ముంతలు, ఒకదాంట్ల జాజు, ఇంకోదాంట్ల సున్నం. నడుంల ఈతమట్ట కొస దంచి చేసిన కుంచె.

“ఏంది మామ, అడివికి గూడ పండుగ జేస్తున్నవా?” అన్నది అక్క.

“గుమాస్త పెట్టమన్నడు కోడలా. తాడుముడి ఏసిన చెట్టుకల్ల ఒక జాజుపట్టి. గుర్తుకంట.”

“దేనికి గుర్తు?”

పోచయ్య ముంతలు కింద పెట్టిండు. “కొట్టేటందుకంట. శుక్రారం పిట్లం దిక్కునుంచి గొడ్డలోళ్లు వస్తున్నరు. పట్టి ఉన్న చెట్టు కొట్టాలె, లేనిది ఇడువాలె. నాకేం తెలుసు, పెట్టమంటె పెడుతున్న.”

రాజలింగు నేల దిక్కే చూస్తున్నడు. అక్క లేవలే. ఏరుడు ఆపలే. రెండు చేతులు నింపి గంపలేసింది, మళ్ల నింపింది, ఏసింది. పోచయ్య కుంచె ముంచి, ఒక చెయ్యి చెట్టుకు ఆనిచ్చి, చుట్టు తిరుగుకుంట పట్టి పెట్టిండు. ముసలి చెయ్యి గని వణకలే. మొదలు పెట్టినకాడికి వచ్చి సక్కగ కలిసింది. రెండో చెట్టుకు గూడ పెట్టిండు. పెట్టి నాలుగడుగులు వెనుకకు జరిగి, మెడ పక్కకు వంచి చూసుకున్నడు.

అక్క గూడ లేసి, గాయన పక్కన నిలవడి చూసింది. కొంగుతోని చేతులు తుడుసుకున్నది.

“మామ, గిది నీ చేతి పనేనా?”

“ఏం, వంకర పోయిందా?”

“వంకర పోలే. బోడిగున్నది. ఒట్టి జాజేంది? మా కడపకు గిట్లనే పెట్టి పోతవా? చూసినోళ్లు పోచయ్యకు చేతగాక ఇడిసిపెట్టిండంటరు.”

“గుమాస్త ఒట్టి పట్టే అన్నడు కోడలా.”

“గాయనకేం ఎరిక, సైకిలు తొక్కేటాయన. నువ్వు పనోనివి. సున్నం ముంత ఉత్తగనే మోసుకొచ్చినవా మరి?”

పోచయ్య ముంత దిక్కు చూసిండు. సున్నం ఎందుకు తెచ్చుకున్నడంటె తెచ్చుకున్నడు. జాజు ముంత ఎత్తితె రెండో చేతిల సున్నం ముంత ఉండాలె, గాయనకు నలభై ఏండ్లసంది గదే అలవాటు. బొటనేలు సున్నంల ముంచిండు. పట్టికి పైన మూడు బొట్లు, కింద మూడు బొట్లు. జరంత జరిగి మళ్ల మూడు, మూడు. చుట్టంత పెట్టి వెనుకకు జరిగి చూసిండు. ఈసారి మెడ వంచలే.

“ఇప్పుడు?” అన్నడు.

“ఇప్పుడు మంచిగున్నది” అన్నది అక్క. “తక్కినయి గూడ గిట్లనే పెట్టు. ఒకటి గట్ల ఒకటి గిట్ల ఉంటె బాగుండదు.”

“గట్లెట్ల ఇడుస్త” అని ముసలాయన ముంతలు పట్టుకొని పోయిండు.

అక్క మళ్ల వంగింది. దారిల చెప్పిన ముచ్చట యాడ ఆగిందో గక్కడినుంచే షురువు చేసింది, అలిగి పోయిన కోడలు ఎట్ల తిరిగొచ్చిందో. రాజలింగుకు ఒక్క మాట ఎక్కలే.

శుక్రారం పొద్దెక్కంగ ఎనమండుగురు గొడ్డలోళ్లు వచ్చిండ్రు. వాండ్ల పెద్ద ఆశన్న. బుర్రమీసాలు, మెడల నల్లతాడు, గొడ్డలి కామ చేతి చెమటకు నల్లగ నిగనిగలాడుతున్నది. లింబాద్రి సైకిలు మీద ముందటొచ్చిండు. కట్టె మొయ్యటందుకు ఊర్ల నాలుగు బండ్లు రమ్మన్నడు. వాట్ల రాజలింగు బండి గూడ ఉన్నది. రాననలేకపోయిండు. ఎందుకు రావంటె ఏం చెప్తడు? గొడ్డలి గూడ తెచ్చుకొమ్మంటె తెచ్చుకున్నడు.

అక్క అప్పటికే ఊటకాడ ఉన్నది. ఒక గంప నిండింది, రెండోది సగమైంది. వచ్చినోళ్లను చూసి కొంగు సదురుకొని, మళ్ల ఏరుకుంటున్నది.

ఆశన్న వస్తవస్తనే ఆగిండు. చెట్టును చూసిండు. రెండో చెట్టును చూసిండు. వెనుకకు తిరిగి, వచ్చిన దారెంట పట్టిలున్న చెట్లు ఒకటి తర్వాత ఒకటి చూసిండు. గొడ్డలి మెల్లగ నేలమీద పెట్టిండు. చెప్పులిడిసిండు. వెనుక ఏడుగురు గూడ ఇడిసిండ్రు.

“కానియ్యుండ్రి” అన్నడు లింబాద్రి.

“ఏం కానియ్యాలె అయ్య?”

“పట్టి ఉన్న చెట్లు. చెప్పిన గద.”

“పట్టి అన్నవు. బొట్లున్నయని చెప్పలే.”

లింబాద్రి గప్పుడు దగ్గరికి పోయి చూసిండు. “అరె, ఆ ముసలోడు పిచ్చోని లెక్క పెట్టిండు. అది దేవుడు గాదు ఆశన్నా, అది గుర్తు. ఒట్టి రంగు.”

“మైసమ్మ కాడ గూడ రంగే అయ్య. కింద రాయే. వస్తవస్త నువ్వు టోపి తియ్యలేదా?”

ఎవలో కిసుక్కుమన్నరు. లింబాద్రి పోచయ్యను పిలువమన్నడు. పోచయ్య బండ్ల వెనుకనే ఉన్నడు, చేసిన పని చూసుకునేటందుకు వచ్చిండు.

“ఎవడు పెట్టమన్నడు నిన్ను గీ సున్నం?”

“మంచిగ లేదా అయ్య?” అన్నడు పోచయ్య. నిజంగనే అడిగిండు. “జాజు పక్కన సున్నం లేకుంటె ఎట్లయ్య? పెండ్లికి పిల్లను తెచ్చి పిలగాన్ని ఇడిసొచ్చినట్టు.”

“కడుగు దాన్ని. ఊట పక్కనే ఉన్నది, నీళ్లు తెచ్చి కడుగు.”

పోచయ్య చేతులు వెనుకకు కట్టుకున్నడు. “పెట్టుడే ఎరిక అయ్య. కడుగుడు నేనెన్నడు చెయ్యలే.”

లింబాద్రి గొడ్డలోళ్ల దిక్కు చూసిండు, బండ్లోళ్ల దిక్కు చూసిండు. ఒక్కడు గూడ కదల్లే. ఆఖరుకు గాయన చూపు రాజలింగు మీద ఆగింది. “నువ్వు రా తమ్మి. నువ్వు తెలివిగల్లోనివి. ఒక్క ఏటెయ్యి, తక్కినోళ్లు వాళ్లే వస్తరు.”

రాజలింగు భుజంమీద గొడ్డలి ఉన్నది. అక్క ఏరుతనే ఉన్నది, మొకమెత్తి చూడలే. వాడు రెండడుగులు ముందటికేసిండు. ఎందుకేసిండో ఇప్పటికి నాకు తెల్వదు బిడ్డా. కొట్టుడా, ఊకోవుడా, వాని కాళ్లకు గూడ తెల్వదు. మూడో అడుగు పడలే. గొడ్డలి దింపి, చెప్పులిడిసిండు.

లింబాద్రి టోపి సదురుకొని, ఆశన్న గొడ్డలి తనే ఎత్తుకున్నడు. చెట్టుకాడికి పోయి, కాళ్లు ఎడంగ పెట్టి నిలవడ్డడు. గొడ్డలి పట్టిన చేతులు చూస్తెనే తెలుస్తది, అవి కలం పట్టే చేతులు.

“జర ఆగు అయ్య” అన్నది అక్క.

గాయన ఆగిండు.

“నీ బూట్ల కింద పువ్వున్నది. ఏరుకుంట.”

వంగి, గాయన కాళ్ల చుట్టు ఒక్కొక్కటే ఏరింది. తొందర లేదు. “కుడికాలు జర లేపు” అన్నది. లేపిండు. “ఎడమది.” అది గూడ లేపిండు. “బూట్ల మడిమె కింద చితికిందయ్య. బూట్లిప్పితె చితకవు.” ఎంత మెత్తగ చెప్పిందంటె, ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్లు కడుక్కొమ్మని చెప్పినట్టు చెప్పింది.

పైనుంచి ఒక పువ్వు గాయన టోపి మీద పడ్డది. ఇంకోటి భుజం మీద పడ్డది.  

గాయన పైకి చూసిండు. తర్వాత గొడ్డలి చెట్టుకు ఆనిచ్చి, కింద కూసొని బూట్లు ఇప్పిండు. ఎందుకిప్పిండో గాయనకే ఎరిక. ఇప్పినంక ఇగ గొడ్డలి ముట్టలే.

అక్క గంపలకెళ్లి దోసెడు పువ్వు తీసి, ఊటల కడిగి, మోదుగాకుల పెట్టి ఇచ్చింది. గాయన ఒకటి నోట్లె ఏసుకున్నడు. నమిలిండు.

“మా సేటుకు ఏం చెప్పాలె?” అన్నడు, ఎవల దిక్కు చూడకుంట.

ఆశన్న మీసం దువ్వుకున్నడు. “ఊటకాడి చెట్లు లోపల బోలు అని చెప్పు అయ్య. బొగ్గుకు పనికి రావని చెప్పు. నేను గూడ గదే చెప్త.”

గట్లనే చెప్పిండ్రు. గుట్ట అవుతల పొదలు కొట్టిండ్రు, అక్కడ బొగ్గుబట్టి పెట్టిండ్రు, నెలరోజులు పొగ లేసింది. గుట్ట ఇవుతల ఒక్క కొమ్మ విరువలే. మళ్లచ్చే ఉగాదికి ఊరోళ్లే ఆ చెట్లన్నిటికి కొత్తగ జాజు, సున్నం పెట్టుకున్నరు. పోచయ్య పోయినంక గాయన కొడుకు పెట్టిండు. ఇప్పటికి పెడుతున్నరు. మొన్న నీతోని పోయినప్పుడు నువ్వు చెప్పులిడిసిన చెట్లు గవే బిడ్డా.

ఇగ గీడినుంచి రాజలింగు అని రాయకు. నేను అని రాయి.

ఆ మరుసటేడు ఉగాదికి మా అక్క సున్నం ముంత తెచ్చి నా చేతిల పెట్టింది. పోచయ్య మామ చేతిలకెళ్లి గుంజుకొచ్చింది. “గిది నువ్వు మోసుకరా తమ్ముడా” అన్నది. ఎందుకని నేనడగలే. ఆమె చెప్పలే. ఆ తర్వాత ఏటేట నేనే మోసిన. గుమాస్తకు ఊట చూపెట్టింది ఎవలని ఆమె ఒక్కనాడు అడగలే, నేను ఒక్కనాడు చెప్పలే. యాభై ఏండ్లు దగ్గరికొస్తున్నయి.

గీ కాయితం తీస్కొని పిట్లం పో. మా అక్క, మీ పెద్దవ్వ, ఇప్పుడు తను సాదుకున్న బిడ్డ ఇంట్ల ఉన్నది గద. చూపు పోయింది గని చెవులు మంచిగనే ఉన్నయి. పక్కన కూసొని మెల్లగ సదువు. చావడికాడ నేను లేసిన సంగతి, చెలిమె సంగతి, ఊటకాడికి తీస్కపోయిన సంగతి, నేను ముందటికేసిన రెండడుగుల సంగతి, ఏది ఇడిసిపెట్టకు. అంత అయినంక ఒక మాట అడుగు. ఆ పొద్దు పోచయ్య మామను బోడిగున్నదని అన్నది ఎరికతోనే అన్నదా, పని చూసి ఉత్తగనే అన్నదా అని.

ఏమన్న అంటె రాసుకొని రా. ఏమనకుంటె చెయ్యి పట్టుకొని జరసేపు కూసో. పోయేటప్పుడు అటుకమీద మూటల ఎండిన పువ్వున్నది, ఆ రెండు చెట్లదే. దోసెడు తీస్కపోయి ముందుగాల అది చేతిల పెట్టు, తర్వాత సదువు.